సవరణ: 51వ సెక్షన్ విచారణ, 60వ సెక్షన్ సర్‌చార్జి గురించి

సహకార సంఘాల్లో నిధుల దుర్వినియోగంపై ఇంతకుముందు రాసిన టపాలో, ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, 1964 కింద 51వ సెక్షన్ విచారణ (సంఘం వ్యవహారాలపై సహకార శాఖ రిజిస్ట్రారు జరిపించే విచారణ) పూర్తయితే స్వాహా అయిన సొమ్ము వసూలైనట్టేనని రాశాను. అది తప్పు. విచారణ నివేదిక వాస్తవాలను నిర్ధారిస్తుందే తప్ప, ఎవరి నుంచీ రూపాయి వసూలు చేయించలేదు.

వసూలుకు 60వ సెక్షన్ కింద విడిగా సర్‌చార్జి ఉత్తర్వు, అంటే నష్టపోయిన సొమ్మును బాధ్యుల చేత తిరిగి కట్టించే ఆదేశం, కావాలి. ఉదాహరణకు, సొసైటీ గోదాములో స్టాకు రిజిస్టరు ప్రకారం ఉండాల్సిన యూరియా బస్తాలు నలభై తక్కువగా తేలాయనుకుందాం. ఆ లోటుకు బాధ్యుడు కార్యదర్శా, గుమాస్తానా, లేక చూసీచూడనట్టు సంతకాలు పెట్టిన పాలకవర్గ సభ్యులా అన్నది తేల్చి, వారికి నోటీసిచ్చి, సంజాయిషీ విన్న తరువాతే, ఆ సొమ్మును వడ్డీతో సహా తిరిగి కట్టమని రిజిస్ట్రారు ఆదేశించగలరు. ఈ మెట్టు దాటవేసిన ఉత్తర్వు అప్పీలులో నిలవడం కష్టం. నేను తొందరలో దాటవేసింది కూడా సరిగ్గా ఈ మెట్టునే.

మరొక పొరపాటు: ఈ సెక్షన్లు అన్ని సంఘాలకూ వర్తిస్తాయన్నాను. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన పొదుపు సంఘాలకు ఆ చట్టంలోని నిబంధనలే వర్తిస్తాయి. వాటిపై రిజిస్ట్రారు జోక్యాన్ని ఆ చట్టం కావాలనే పరిమితం చేసింది. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలు 2002 నాటి కేంద్ర చట్టమైన బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం పరిధిలోకి వస్తాయి. కాబట్టి ఫిర్యాదు రాసే ముందు సంఘం నమోదు పత్రంలో ఏ చట్టం పేరుందో చూసుకోవాలి.