నియంత నాణెం మన డబ్బాలోనే ఉంది

హిట్లర్ కాలపు నాణెం కొని దాచుకోవచ్చా, కూడదా? అనంతపురంలో నాణేలు సేకరించే మిత్రులు నలుగురు కలిస్తే ఈ మధ్య ఇదే వాదన. నా జవాబు సూటిగా చెబుతాను: నిక్షేపంగా కొనుక్కోవచ్చు. నా కోపమంతా మరో సంగతి మీద. ఎక్కడో జర్మనీలో చెలామణి అయిన నాణెం కోసం వేలు పోస్తున్నవాళ్లే, ఇంట్లో పాత డబ్బా అడుగున పడి ఉన్న 1976 నాటి పది పైసలను పాత సామాన్లవాడికి తూకానికి వేస్తున్నారు.

ముందు అభ్యంతరం సంగతి. నాజీ గుర్తు ఉన్న వస్తువుకు ధర పలికితే ఆ భావానికీ గిరాకీ పెరుగుతుందని కొందరి భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. జర్మనీలో ఆ గుర్తును బహిరంగంగా చూపడం నేరం, చదువు, పరిశోధన, కళ, వార్తల వంటి వాటికే మినహాయింపు. కానీ పాలన చెడ్డదని నాణేన్ని పారేయాలంటే, 1800లో నిజాం నుంచి మన సీమ ఉన్న దత్తమండలాలను పుచ్చుకుని మన రైతును పిండిన ఈస్టిండియా కంపెనీ వారి రూపాయిని ముందు పారేయాలి. దాన్ని మాత్రం పూజగదిలో పెట్టి లక్ష్మీదేవి అంటాం!

ఇక కొనేవాళ్ల మోజు గురించి. హిట్లర్ ముఖం ఉన్న నాణెం కావాలని అడుగుతుంటారు. అలాంటి చెలామణి నాణెం చరిత్రలోనే లేదు. తపాలా బిళ్లల మీద అతను కనిపిస్తాడు, నాణేల మీద కనిపించడు. ముఖం ఉందని ఎవరైనా అమ్మజూపితే అది పతకమో, నకిలీయో అనుకోవాలి. అసలైన అయిదు మార్కుల వెండి నాణెం మీద ఉన్నది 1934లోనే చనిపోయిన జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ తల. తొంభై శాతం వెండి, దాదాపు 14 గ్రాములు. బొరుసు వైపు 1935లో ఉత్త గద్ద, 1936 నుంచి అదే గద్ద కాళ్ల కింద నాజీ గుర్తు స్వస్తిక. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ వైపు అదే ముసలి సైనికుడు, అవే మీసాలు. జనం చేతికి అలవాటైన ముఖాన్ని అలాగే ఉంచి, వెనక వైపు దేశాన్ని మార్చేశారు. యుద్ధం వచ్చేసరికి చిల్లర నాణేలు జింకుకు దిగజారాయి. ఇప్పుడవి తెల్లటి బూజు పట్టినట్టు ఉంటాయి. (దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ఉన్నదీ పోతుంది.)

స్పెయిన్ నియంత ఫ్రాంకోకు ఆ మొహమాటం కూడా లేదు. తన తలే వేయించుకుని, చుట్టూ ‘దేవుడి దయతో స్పెయిన్ నాయకుడు’ అని రాయించుకున్నాడు. ఆ పెసెటా (అప్పటి స్పెయిన్ నాణెం) మీద 1966 అని ఉంటుంది గానీ, అసలు ముద్రించిన ఏడాది చిన్న నక్షత్రంలో దాగి ఉంటుంది, భూతద్దం పట్టుకుని వెతుక్కోవాలి. 75 అని ఉంటే ఆయన పోయిన ఏడాది సరుకన్నమాట.

పత్రిక చదవడం మానేయవచ్చు, రేడియో కట్టేయవచ్చు, సభకు వెళ్లకుండా ఇంట్లో కూర్చోవచ్చు. ఉప్పు కొనాలంటే మాత్రం నాణెం పట్టుకోవాల్సిందే. జైలుకెళ్లిన కొడుకును చూడటానికి బస్సెక్కిన తల్లి కూడా ఆ ప్రభుత్వం రాసిన మాటనే కండక్టర్ చేతిలో పెట్టాలి. ఏ నియంతకైనా ఇంతకు మించిన ప్రచారం ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మన డబ్బా తీయండి. అల్యూమినియం పది పైసలు, అలల అంచు, ఊదితే ఎగిరిపోయేటంత తేలిక. 1974 నాటి దాని మీద తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ప్రణాళికాబద్ధ కుటుంబం గురించి నినాదం. 1975లో సమానత్వం, అభివృద్ధి, శాంతి. 1976లో అందరికీ ఆహారం, అందరికీ పని. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పిలుపు మేరకు చాలా దేశాలు వేసిన వరుసలోవే ఇవి, నినాదాల్లో దోషం లేదు. అయితే 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చాక వాటి అర్థం తిరగబడింది. లక్షకు పైగా జనం విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నారు, పత్రికలకు సెన్సారు. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, అంతకు ముందు ఏడాది 26 లక్షలే. నాణెం మీద నవ్వే ఆ చిన్న కుటుంబాన్ని ఇది తెలిశాక చూడండి. ఇందిరను హిట్లర్‌తో పోలుస్తారా అని అడగకండి. పోల్చడం లేదు. ఆమె ఎన్నికలు పెట్టి ఓడి దిగిపోయారు, ఆ తేడా చిన్నది కాదు. కానీ అధికారం తియ్యటి మాటను లోహం మీద కొట్టి జేబులోకి తోసే పద్ధతిని చదవడానికి మనకు బెర్లిన్ దాకా పోయే పని లేదంటున్నాను.

ఈ చదువు మనకు ఎందుకు రుచించదో కూడా తెలుసు. 1977 మార్చిలో ఉత్తరాది ఆ పాలనను ఊడ్చిపారేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే కట్టబెట్టింది. జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాల. గెలిచినవారు అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి. ఆయన రాష్ట్రపతి అయిన సంగతి మన పిల్లలకు క్విజ్‌లో వస్తుంది, ఏ గాలికి ఎదురీది గెలిచారో రాదు. సీమ చరిత్ర అంటే రాయల వైభవం, కోటలు, శాసనాలు, వజ్రాలు. మన తాతలూ తండ్రులూ ఓటేసిన చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడుతుంది. ఆపరేషన్ల బలవంతం ఉత్తరాదిలో జరిగినంత ఇక్కడ జరగలేదు, నిజమే. జైళ్లు మాత్రం ఇక్కడా నిండాయి, పత్రికల నోరు ఇక్కడా మూశారు.

కాబట్టి సేకరించేవారు ఆల్బమ్‌లో హిండెన్‌బర్గ్ పక్కన 1976 పది పైసలకూ ఒక గడి కేటాయించాలి. కింద చీటీ మీద లోహం, బరువుతో పాటు ఆ ఏడాది ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయాలి. మ్యూజియంలు కూడా రాతి విగ్రహాల వరుస చివర ఇరవయ్యో శతాబ్దానికి ఒక గాజు పెట్టె పెట్టాలి. అందులో ఆ నాణేలు, సెన్సారు కాలపు తెలుగు దినపత్రిక ఒకటి, 1977 ఫలితాల పట్టిక ఉంటే చాలు. ఈ పనికి కర్నూలు మ్యూజియం ముందుకు రావాలి. 2022 దాకా నంద్యాల ఆ జిల్లాలోదే.