ఆరేడు సెకన్ల డ్రమ్ముల ముక్క గారికి

మహారాజశ్రీ డ్రమ్ముల ముక్క గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలం అడగక్కర్లేదు, ఎటు తిరిగినా మీరే వినిపిస్తున్నారు. అడగాల్సింది మిమ్మల్ని కన్నాయన గురించి.

1969లో విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం 'ఆమెన్, బ్రదర్' అని ఓ పాట రికార్డు చేసింది. అది ప్లేటుకి వెనకవైపు. ముందువైపు పాటకి గ్రామీ కూడా వచ్చింది. ఈ వెనక పాట మధ్యలో మిగతావాళ్ళంతా ఆగిపోతే, గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒక్కడే నాలుగు బార్లు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) వాయించాడు. ఆ నాలుగు బార్లే తమరు. పుట్టినప్పుడు మీ వయసు ఆరేడు సెకన్లు, ఇప్పటికీ అంతే. ఆ కిటుకేదో సినిమా హీరోలకి చెప్పకండి, ఇప్పటికే కష్టంగా ఉంది.

1980ల్లో శాంప్లర్ మిషన్లు, అంటే పాత రికార్డులోంచి ముక్క కోసి కొత్త పాటలో అతికించేవి, అందుబాటులోకొచ్చాక మీకు రెక్కలొచ్చాయి. హిప్‌హాప్ వాళ్ళు మిమ్మల్ని తాపీగా నడిపించారు. బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే జోరు డాన్స్ సంగీతాల వాళ్ళు మిమ్మల్ని ఉల్లిపాయలా తరిగి, వరస మార్చి అతికించి, ఆయాసం వచ్చేలా పరిగెత్తించారు. వేల పాటల్లో మీరే. 'పవర్‌పఫ్ గర్ల్స్' కార్టూన్ టైటిల్ మ్యూజిక్‌లోనూ మీరే.

నేను మాత్రం మిమ్మల్ని చాలాకాలం కంప్యూటర్ చప్పుడనుకున్నాను. మొన్న అసలు రికార్డు పెట్టుకుని టేబుల్ మీద వేళ్ళతో కొట్టి చూశాను. మూడు బార్లు ఎలాగోలా నెట్టుకొచ్చాను. నాలుగో బార్ మొదట్లో దెబ్బ పడాల్సిన చోట ఆయన ఖాళీ వదిలేశాడు. ప్రతిసారీ ఆ గోతిలోనే పడ్డాను. అది మిషన్ చేసే పని కాదండీ.

ఒక ముక్క వాడుకోవాలంటే రెండు గుమ్మాలెక్కాలి. ఒకటి రికార్డింగు హక్కులున్నవాళ్ళది, రెండోది పాట రాసినవాళ్ళది. సిరీస్‌లో పాట పెట్టుకోవాలన్నా ఇవే గుమ్మాలు. డ్రమ్ములు వాయించినవాడికి ఏ ఇంట్లోనూ పీట వెయ్యరు. మీ విషయంలో అయితే చాలామంది అసలు ఏ గుమ్మమూ ఎక్కలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

కోల్‌మన్ 2006లో, ఉండటానికి ఇల్లు కూడా లేని స్థితిలో, అట్లాంటాలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలేసుకుని బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి సుమారు 24,000 పౌండ్లు ఇచ్చారు. మీ మీద బతికిన పాటలన్నిటి తరఫునా అదే కట్నం, అదే కానుక.

అందరికీ ఇలాగే జరిగిందని కాదు. బ్రిటిష్ గాయని కేట్ బుష్ 1985లో పాడిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళి ఆగిన పాట, 37 ఏళ్ళ తర్వాత ఒకటో స్థానమెక్కింది. ఆవిడే రాసుకుంది, ఆవిడే పాడింది, హక్కులూ దగ్గరే పెట్టుకుంది. డబ్బు దారి తప్పలేదు. మా అమ్మాయి "కొత్త పాట నాన్నా" అని వినిపిస్తే, చిన్నప్పట్నుంచీ తెలిసినట్టు తలూపాను. నేనూ ఆ సిరీస్‌లోనే మొదటిసారి విన్నానని ఆ పిల్లకి ఇప్పటికీ తెలీదు.

అమెరికన్ గాయని బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' పాటలో మెలితిరిగే ఆ వయొలిన్లు 1981 నాటి 'ఏక్ దూజే కే లియే'లో లత, మన బాలు పాడిన పాటలోవి. పాడినవాళ్ళని ఇంటిపేర్లతో సహా చెబుతాం. వయొలిన్ పట్టినవాళ్ళ పేర్లడిగితే నీళ్ళు నములుతాం.

కాబట్టి ఈసారి ఏ పాటలోకైనా పనికెళ్తే, వెళ్ళేముందు మీ నాన్నగారి పేరు ఒక్కసారి చెప్పి వెళ్ళండి. మీ ఆరేడు సెకన్లలో అరసెకను చాలు.

ఇట్లు,
గోతిలో పడ్డ శ్రోత

తా.క.: ఇది రాస్తుంటే ముందుగదిలో టీవీలోంచి మీరే వినిపించారు. పరిగెత్తి వెళ్ళి, చివర్లో పేర్లు పడతాయని కళ్ళప్పగించి చూశాను. ఐదు సెకన్లలో తర్వాతి ఎపిసోడ్ మొదలైపోయింది.