పురుగును వదిలితే సరిపోదు, దాని తిండీ చూడాలి

నీటిపై తేలే కలుపు మొక్క సాల్వినియా తెట్టు కట్టిన చెరువులో దాన్ని తినే ముక్కు పురుగులను వదలడం, నెల గడిచినా తేడా కనబడలేదని పైనుంచి కలుపు మందు కొట్టించడం. ఈ తొందరపాటుతోనే మంచి పద్ధతికి చెడ్డపేరు వస్తోంది.

సిర్టోబేగస్ సాల్వినియే అనే ఈ నల్ల పురుగు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. అది పనిచేస్తుందా అన్న సందేహం తీరి నాలుగు దశాబ్దాలైంది. 1980లో ఆస్ట్రేలియాలోని మూండర్రా సరస్సులో వదిలితే, ఏడాదిన్నర తిరక్కుండానే సుమారు 200 హెక్టార్ల తెట్టును మట్టుబెట్టింది. కేరళ కాలువలూ ఆ దశాబ్దంలోనే తేరుకున్నాయి.

పెద్ద పురుగులు కొన మొగ్గలను కొరికేస్తాయి. పిల్ల పురుగులు కాడలోకి దూరి లోపల తొలుస్తాయి. ఈ రెండూ కలిస్తేనే ఫలితం. సాల్వినియాకు సంతానమిచ్చే బీజాలుండవు, తెగిన ముక్కలతోనే వ్యాపిస్తుంది. యంత్రంతో తోడితే మొగ్గలున్న ముక్కలు మిగిలిపోయి మళ్లీ అల్లుకుంటాయి. పురుగు తిన్న ముక్కకు మొగ్గే ఉండదు, బోలైన కాడ కుళ్లి మునుగుతుంది.

మరి పురుగు నిలదొక్కుకోని చోట్ల ఏం జరుగుతోంది? చాలాసార్లు మొక్కలో నత్రజని చాలదు. పపువా న్యూగినీలోని సెపిక్ నది పరిధిలో మొదట పురుగు పుంజుకోలేదు. కొద్ది మేర మొక్కలకు యూరియా అందించాకే దాని సంఖ్య పెరిగింది. కలుపుకు ఎరువేయడమేమిటని అనిపిస్తుంది గానీ, ఆకులు పసుపు తిరిగి చిక్కిపోయిన తెట్టు మీద పురుగు గుడ్లు సరిగా పెట్టదు. ఒకసారి దెబ్బ తగిలాక మొక్క వేసే కొత్త మొగ్గల్లో నత్రజని ఎక్కువ, అక్కడి నుంచి పురుగుకు తిండి కొరత ఉండదు.

అందుకే పురుగులను చెరువంతా చల్లకూడదు. పురుగు పట్టిన మొక్కలనే తెచ్చి, గాలికి కొట్టుకుపోని మూలన, పచ్చగా ఉన్న తెట్టు మీద ఒకేచోట దట్టంగా పరవాలి. పాత మొక్క వాడిపోయేకొద్దీ పురుగులు పక్కకు పాకుతాయి. కొన్ని వారాల తర్వాత ఆకుల రంగు కాదు, కొన మొగ్గలు చూడాలి. లేత ఆకుపచ్చ మొగ్గ నల్లబడి ఉంటే పురుగు కుదురుకున్నట్టే. గోధుమ రంగు మచ్చలు ఆ తర్వాత వస్తాయి. చలికాలంలో ఈ వేగం బాగా తగ్గుతుంది.

తెట్టంతా ఒక్కసారిగా కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలున్న చెరువులో ముందే కొంత భాగం తీసి నీరు తెరిపి చేయాలి, పురుగు పట్టిన మూలను మాత్రం ముట్టుకోకూడదు. ఖాళీ అయిన చోటికి గుర్రపుడెక్క చేరితే ఈ పురుగు దాన్ని తినదు, దానికి నియోకెటినా జాతి పురుగులు వేరే ఉన్నాయి.