అతివిశ్లేషణ గారికి ఒక మనవి

పాటల్లో లేని అర్థాలు కూడా వెదికించే మహారాజశ్రీ అతివిశ్లేషణ గారి దివ్యసముఖమునకు, హనుమకొండ నుంచి ఒక సామాన్య శ్రోత నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. రాక్ సంగీతం ఉన్నంత కాలం తమరి క్షేమానికి ఢోకా లేదు కనుక ఆ సంగతి అడగడం లేదు.

తమరి ఘనకార్యాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘లూయీ లూయీ’ పాట వ్యవహారం. జమైకాలోని ప్రియురాలి మీద బెంగపెట్టుకున్న ఒక నావికుడి గోడును రిచర్డ్ బెర్రీ పాటగా కడితే, 1963లో కింగ్స్‌మెన్ బృందం దాన్ని ఒక్క మాటా సరిగ్గా వినపడకుండా పాడి రికార్డు చేసింది. వినపడని చోట బూతే ఉండి ఉంటుందని తమరు తల్లిదండ్రుల చెవిలో ఊదారు, ఫిర్యాదులు వెళ్లాయి, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వారు ఆ రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి తిప్పి విని, ఏ వేగంలోనూ మాటలు అర్థం కావడం లేదని తేల్చారు. తమరి శిష్యకోటిలో “మాకు అర్థం కాలేదు” అని కాగితం మీద ఒప్పుకున్న వారు నాకు తెలిసి ఆ దర్యాప్తు అధికారులే.

తాను చదివిన బడిలో తమ బీటిల్స్ బృందం పాటలకు పిల్లల చేత అర్థాలు చెప్పిస్తున్నారని ఒక విద్యార్థి ఉత్తరం ద్వారా తెలుసుకున్న జాన్ లెనన్, 1967లో ‘ఐ యామ్ ది వాల్రస్’ను కావాలనే తలాతోకా లేకుండా రాశాడు. తమరు సిగ్గుపడలేదు సరికదా, లేని తలకు ఒకటి, లేని తోకకు ఒకటి వ్యాఖ్యానాలు రాయించారు. 1969లో ఆ బృందం ఆల్బమ్ ‘అబ్బీ రోడ్’ అట్ట మీద వారిలో ఒకడైన పాల్ మెక్‌కార్ట్‌నీ చెప్పుల్లేకుండా కనిపించాడని, బతికున్న మనిషికి చావు కబురు చాటించారు. మా భద్రకాళి గుడి ముందు రోజూ ఎందరో చెప్పులు విప్పి నడుస్తుంటారు. వారి విషయంలో తమరి అభిప్రాయమేమిటో?

ఒకప్పుడు నేనూ తమరి భక్తుణ్ణే. కాజీపేటలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో, ఈగిల్స్ బృందం పాటలోని ‘హోటల్ కాలిఫోర్నియా’ నరకమా, పిచ్చాసుపత్రా అని మిత్రుడితో తెల్లవార్లూ వాదించాను. పాట చివర డాన్ ఫెల్డర్, జో వాల్ష్‌ల గిటార్లు రెండు నిమిషాలకు పైగా ఒకదానితో ఒకటి ఊసులాడుకున్న సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. అక్కడ మాటలు లేవు కదా, తమరికి పని లేదు.

అర్థం వెదకడమే తప్పనను. పాటలు రాసి పాడే బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్యంలో నోబెల్ ఇచ్చారంటే, చదివి తీరవలసిన పాటలూ ఉన్నాయన్నమాటే. అయితే పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడుతున్న మా అమ్మను, ప్రతి చరణం చివరా ‘ఉయ్యాలో’ ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. “చప్పట్లు తప్పుతున్నయ్, పక్కకు జరుగు బిడ్డా” అన్నది. దానిపై తమరు ఇంతవరకు వ్యాఖ్యానం రాయించినట్టు లేదు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను. సంతకం పక్కన గుండ్రంగా కనిపించేది ఇరానీ చాయ్ మరక.