పేడ క్రిమినాశిని కాదు, పశువుల కింద ఉంచకండి

ఈ వారంలోనే నాలుగుసార్లు వచ్చింది ఆ మెసేజ్. మా బావ పంపాడు, పాలకేంద్రం గ్రూపులో ఒకరు పెట్టారు, నాతో చదువుకున్న ఇద్దరు "నీకు పనికొస్తుంది చూడు" అంటూ పంపారు. అందులో ఉన్నది ఇదీ: కొట్టంలో పేడ రోజూ తీయక్కర్లేదు, పదిహేను రోజులకోసారి చాలు. పేడ క్రిమినాశిని కాబట్టి రోగాలు రావు, చలికి వెచ్చగా ఉంటుంది, నీళ్ళు మిగులుతాయి, విదేశాల్లో నెలల తరబడి తీయరు, తీసిన పచ్చిపేడ నేరుగా చేలో చల్లుకోవచ్చు, దూడ బొడ్డుకు రాస్తే త్వరగా ఎండుతుంది.

ఆరు గేదెల కింద రెండు పూటలా పేడ ఎత్తేవాణ్ణి. చదివేసరికి ఒళ్ళు మండింది.

తడి మీద పడుకుంటే ఒంట్లో వేడి పోతుందే గానీ రాదు. చలికి కావాల్సింది కింద ఎండుగడ్డి, ఈదురుగాలి తగిలే వైపు గోనెపట్టా. పైగా తీయని పేడ, మూత్రం కలిసి అమ్మోనియా పుడుతుంది. పొద్దున్నే కొట్టంలోకి వెళ్తే కళ్ళు మండేది అందుకే. మనం రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తాం. నేల మీద ముక్కు పెట్టి పడుకునే దూడ మాత్రం రాత్రంతా దాన్నే పీలుస్తుంది.

పదిహేను రోజుల లెక్క ఎవరు వేశారో గానీ, ఎండాకాలంలో పేడలో పెట్టిన గుడ్డు పది రోజుల్లోపే ఈగై ఎగురుతుంది. 2022లో లంపీ స్కిన్ వ్యాధితో దేశమంతా ఎన్ని పశువులు పోయాయో చూశాం. దాన్ని మోసింది కుట్టే ఈగలు, దోమలు, పిడుదులే.

విదేశాల మాట సగం నిజం. అక్కడ కొన్ని కొట్టాల్లో పేడను నెలల తరబడి తీయని మాట వాస్తవమే. కానీ కింద మందంగా పొడి రంపపు పొట్టు ఉంటుంది. రోజుకు రెండుసార్లు ట్రాక్టరుతో దున్నుతారు, తడి ఎక్కితే కొత్త పొట్టు వేస్తారు. ఆ సగం ఎందుకు రాయలేదు?

నా అసలు కోపం "క్రిమినాశిని" అన్న మాట మీద. వాకిట్లో కళ్ళాపి చల్లేవాళ్ళం కదా అంటారు. కళ్ళాపికి బకెట్టు నీళ్ళలో పిడికెడు పేడ కలుపుతాం, గంటలో ఆరిపోతుంది. గేదె రోజుకు 15, 20 కిలోలు వేస్తుంది. అది ఆరదు, దాని మీదే పొదుగు ఆనించి పడుకుంటుంది. పాలు తీశాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఆలోగా పేడలో పడుకుంటే ఈ.కోలై లాంటి క్రిములు లోపలికి పోతాయి. పాలు పిండగానే మేత వేసేది, తింటూ కాసేపు నిలబడుతుందనే.

మూడేళ్ళ కిందట నా కొట్టంలోనే జరిగింది. నాలుగు రోజులు ముసురు, నాకు జ్వరం, పనికి మనిషి దొరకలేదు. పేడ అలాగే ఉండిపోయింది. ఐదో రోజు పొద్దున తొలిచూలు గేదె వెనక కుడి చన్ను ముట్టుకోనివ్వకుండా కాలు విసిరింది. పొదుగు ఆ పక్కంతా రాయిలా గట్టిపడి కాలిపోతోంది. పిండితే పసుపు రంగు నీళ్ళలో పెరుగు తరకల్లాంటివి పడ్డాయి. డాక్టరు గారు ఐదు రోజులు వైద్యం చేశారు. గేదె దక్కింది, చన్ను ఎండిపోయింది. ఇవాళ్టికీ మూడు చన్నులతోనే పాలిస్తోంది. నాలుగు రోజుల పేడకే ఇంత జరిగితే, పదిహేను రోజులు ఉంచమని ఊరందరికీ చెబుతారా?

నీళ్ళ విషయంలో మాత్రం మెసేజే రైటు. నేనూ ఏళ్ళ తరబడి పైపు పెట్టి కడిగాను. ఎరువంతా మురిక్కాలవ పాలైంది, నేల ఎప్పుడూ తడే, గిట్టలు మెత్తబడి కుంటాయి. ఇప్పుడు పారతో పేడ ఎత్తి, చీపురుతో ఊడ్చి, చివర్లో కాసిని నీళ్ళు కొడతాను. నేల తొందరగా ఆరుతోంది. ఈ ఒక్క ముక్కే రాసి ఉంటే నేనూ పదిమందికి పంపేవాణ్ణి.

పచ్చిపేడ చేలో చల్లితే చెదలు, కలుపు గింజలు చల్లినట్టే. దిబ్బలో మాగాకే తోలుకోవాలి.

ఇక దూడ బొడ్డు. ధనుర్వాతం క్రిమి ఉండేదే పశువుల పేడలో. ఒకప్పుడు పసిబిడ్డల బొడ్డుకు కూడా ఇలాగే పేడ రాసి ప్రాణాలు తీశారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చాకే 2015 నాటికి ఆ పీడ దేశంలో అదుపులోకి వచ్చింది. మనుషుల్లో పోగొట్టుకున్నదాన్ని దూడలకు అంటించమని చెప్పడం పాపం.

బావా, నీ గేదె ఈ నెలాఖరుకు ఈనేలా ఉందని అక్క చెప్పింది. అది పడుకునే చోట పేడంతా తీయించి ఎండుగడ్డి పరిపించు. దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ తప్ప ఇంకేదీ రాయకు. సీసా నా దగ్గరుంది, ఆదివారం తెస్తాను.