పెన్న గట్టున ప్లాటు, 'ఇరవై నిమిషాల్లో' ఆఫీసు: ఆ మెసేజికి నా జవాబు

మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా చిన్నాన్న కొడుకు. అంతకుముందు బడి స్నేహితుల గ్రూపులో, అపార్ట్‌మెంటు గ్రూపులో, ఆఫీసు గ్రూపులో ఇదే మెసేజి. పచ్చటి పొలం ఫోటో, అందులో తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు, కింద వరసగా పాయింట్లు. "నెల్లూరులో ఉద్యోగమా? టౌనులో అద్దెలు కట్టలేక అలిసిపోయారా? భార్యాపిల్లలతో ప్రశాంతంగా ఉండాలంటే ఊరి బయటికి రండి" అని మొదలవుతుంది. "మీ మేలు కోరి చెప్తున్నాం, పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. పంపేవాళ్లలో ఒక్కరు కూడా ప్లాట్ల వ్యాపారి కాదు. ఎవరికో ఉపయోగపడుతుందని మంచి మనసుతో పంపుతున్నారు. దీన్ని నమ్మి తెలిసినవాళ్లే అడ్వాన్సులు ఇస్తుంటే ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

చిన్నవి ముందు తేల్చేస్తా.

"దగదర్తి ఎయిర్‌పోర్టు పక్కనే." 2019లో అక్కడ శంకుస్థాపన జరిగింది. నేనిది రాస్తున్న రోజుకి అక్కడ నుంచి ఒక్క విమానమూ లేవలేదు. రేపు లేచినా, నెలజీతం మీద బతికే కుటుంబం ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతుంది? పాలప్యాకెట్టు ఎంత దూరంలో దొరుకుతుందో చెప్పని మెసేజి ఎయిర్‌పోర్టు ఎంత దూరమో చెప్తోంది.

"శ్రీసిటీ, నాయుడుపేట ఉద్యోగులు కూడా రోజూ వెళ్లిరావచ్చు." నెల్లూరు నుంచి నాయుడుపేట అరవై కిలోమీటర్ల పైమాటే. శ్రీసిటీ పారిశ్రామికవాడ దగ్గరి తడ వంద దాటుతుంది. అక్కడ పనిచేసేవాళ్లు నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో ఇల్లు చూసుకోవాలి. రోజూ రెండొందల కిలోమీటర్లు తిరిగే తండ్రిని పిల్లలు ఆదివారం తప్ప చూడరు.

"రామాయపట్నం పోర్టు వస్తోంది, రేట్లు మూడింతలవుతాయి." పోర్టు గుడ్లూరు మండలంలో కడుతున్నారు, మీ ప్లాటు నెల్లూరు పక్కన ఉంది. రేట్లు పెరగొచ్చు, పెరగకపోవచ్చు. పిల్లల్ని పెంచుకోవడానికి ఇల్లు వెతుక్కునేవాడికి ఆ లెక్కతో పనిలేదు.

ఇక అసలు సంగతులు.

"టౌనుకు ఇరవై కిలోమీటర్లే, ఇరవై నిమిషాల్లో ఆఫీసు." ఆదివారం పొద్దున, ఏజెంటు ఏసీ కారులో, హైవే మీద అయితే నిజమే. సోమవారం ఎనిమిదిన్నరకి బండి మీద వచ్చి చూడండి. నెల్లూరుని రైలుకట్ట నిలువునా రెండు ముక్కలు చేసింది. పట్టాలకు ఇవతల దిగి అవతల పనిచేసేవాళ్లు విజయమహల్ గేటో, కొండాయపాళెం గేటో, ఆత్మకూరు బస్టాండు దగ్గరి అండర్‌బ్రిడ్జో, రామలింగాపురం అండర్‌బ్రిడ్జో దాటాల్సిందే. గట్టివాన పడితే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి, అందరూ ఒకే దారి పడతారు. హైవే మీద ఆదా చేసిన పది నిమిషాలు అక్కడే కరిగిపోతాయి.

కృష్ణపట్నం వైపు పనిచేసేవాళ్ల కష్టం ఇంకోరకం. పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం, పంటపాళెం నూనె ఫ్యాక్టరీలు అన్నీ అటే ఉన్నాయి. బొగ్గు లారీలు, బూడిద లారీలు, నూనె ట్యాంకర్లు రాత్రీపగలూ తిరుగుతాయి. షిఫ్టు మనిషి రాత్రి పదిన్నరకి ఆ లారీల మధ్యన బైకు మీద ఇంటికి రావాలి. టౌనులో ఉంటే కంపెనీ బస్సు ఎక్కుతాడు. రోడ్డుకి రెండు కిలోమీటర్లు లోపలున్న లేఅవుటు కోసం ఏ కంపెనీ బస్సు తిరుగుతుంది?

ఆ ఇరవై నిమిషాల లెక్క ఇంటాయనది మాత్రమే. ఇంటావిడ ఉద్యోగం గురించి మెసేజి మొత్తంలో ఒక్క మాట లేదు. ఆమె టీచరో, నర్సో, బట్టలషాపులో సేల్స్ చూసుకునేదో అయితే ఎలా వెళ్లాలి? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. బస్సులు తిరిగే రోడ్డు మీద ఇల్లుంటే ఆ డబ్బు నెలనెలా మిగులుతుంది. ఆర్టీసీ బస్సు తొంగిచూడని చోట ఇల్లుంటే ఆమె ఆటోకి ఇచ్చుకోవాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి. ఊరి బయట ఇల్లు కట్టుకున్న తర్వాత ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఎవరూ మానమని చెప్పలేదు. దూరం మానిపించింది.

"స్కూలు బస్సు గేటు దగ్గరికే వస్తుంది." వస్తుంది. ఆరూ నలభైకి వస్తుంది, ఎందుకంటే మీది మొదటి స్టాపు. ఆరేళ్ల పిల్ల ఐదున్నరకి లేవాలి, సాయంత్రం చివరి స్టాపులో దిగాలి. ఇంటరుకి వచ్చాక ట్యూషను, స్టడీ అవర్లు అయ్యేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు గేటు దాకా వచ్చే బస్సు ఉండదు. హైవే పక్క సర్వీసు రోడ్డులో చీకట్లో దిగి రోడ్డు దాటుతుంది మీ ఆడపిల్ల. గేటు బొమ్మ వేసినవాడు ఆ రోడ్డు బొమ్మ కూడా వేయాల్సింది.

ఇక్కడ మెసేజిలో ఒక మాట ఒప్పుకుంటాను, సగం మనసుతో కాదు. "టౌనులో పిల్లలకు ఆడుకునే చోటు లేదు" అన్నారు. నిజం. మాగుంట లేఅవుటులో, దర్గామిట్టలో అపార్ట్‌మెంటు పిల్లలు సెల్లారులో కార్ల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. బంతి కారుకి తగిలితే వాచ్‌మన్ అరుస్తాడు. ముసలివాళ్లకు సాయంత్రం కూర్చోవడానికి అరుగు లేదు. ఈ బాధే జనాన్ని ఊరి బయటికి నెడుతోంది, ఆ బాధను నేను తప్పుపట్టను. బయటికి పోవాలనుకోవడం తప్పు కాదు. ఎక్కడికి పొమ్మంటున్నారన్నదే నా గొడవ.

ఎందుకంటే మెసేజిలో అన్నిటికన్నా ప్రమాదమైన పాయింటు ఇది: "2021 వరద వందేళ్లకోసారి వచ్చేది. ఇప్పుడు బ్యారేజీ కట్టేశారు, ఇక వరద భయం లేదు. పెన్న ఒడ్డున, చెరువు కింద రేట్లు తక్కువగా ఉన్నప్పుడే కొనండి."

ఏందబ్బా ఇది! ఈ మాట రాసిన మనిషి ఆ నవంబరులో ఎక్కడున్నాడు?

ఏం జరిగిందో వరసగా చెప్తాను. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిలకి వస్తుంది. సోమశిల డ్యాము పట్టేది 78 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కానీ మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, అప్పటికి డ్యాము నిండే ఉంటుంది. నిండిన డ్యాములోకి ఎంతొస్తే అంతా కిందికి వదలాల్సిందే. ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. భగత్‌సింగ్ కాలనీ, జనార్దన్‌రెడ్డి కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. కోవూరు వైపు జాతీయ రహదారి కోసుకుపోయింది. పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి. విజయవాడకూ చెన్నైకీ మధ్య రైళ్లు ఆగిపోయాయి. నదికి అవతల ఇల్లు, ఇవతల ఆఫీసు ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో దారే లేదు.

బ్యారేజీ కట్టేశారు కదా అంటున్నారు. అవును, సంగం బ్యారేజీనీ నెల్లూరు బ్యారేజీనీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. రైతులకు అది మేలు. నెల్లూరులో 1850లలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో గేట్లున్న బ్యారేజీ వచ్చింది, కాలువలకు నీళ్లు సక్రమంగా ఎక్కుతాయి, మీద నుంచి రోడ్డూ వచ్చింది. కానీ బ్యారేజీ పని నీళ్లను కాలువల్లోకి మళ్లించడం. వరదను దాచుకోవడం దాని పని కాదు, అంత చోటూ లేదు. నెల్లూరు బ్యారేజీలో అర టీఎంసీ కూడా నిలవదు. సెకనుకు ఐదు లక్షల ఘనపుటడుగుల చొప్పున నీళ్లొస్తుంటే అర టీఎంసీ నిండడానికి పావుగంట, ఇంకో రెండు నిమిషాలు. వరద రోజుల తరబడి వచ్చింది. పావుగంట ఆపగలిగే కట్టడాన్ని చూపించి నది ఒడ్డున ఇల్లు కట్టుకోమంటున్నారు. రాత్రి పూట మంచాల మీద పిల్లల్ని నిలబెట్టుకున్న తల్లుల ముందు నిలబడి ఈ మాట అనగలరా?

వందేళ్లకోసారి అన్న మాట ఇంకా ఘోరం. అలాంటి వరదకి పంచాంగంలో తేదీ ఉండదు. మొన్న వచ్చింది కాబట్టి ఇక రాదని ఏ ఇంజినీరూ చెప్పడు.

చెరువు కింద ప్లాట్ల సంగతీ అంతే. మన జిల్లాలో చెరువు లేని ఊరు వెతకాలి. చెరువు నిండితే మిగులు నీళ్లు పోయే కలుజు పారుతుంది, కలుజు నీళ్లు వాగులో పడతాయి, వాగు కింది చెరువుకి పోతుంది. ఆ వాగుని పూడ్చి నలభై అడుగుల రోడ్డు వేస్తే నీళ్లు పోవడం మానేస్తాయా? రోడ్డు మీదుగా పోతాయి, మీ హాల్లోంచి పోతాయి. "నాలుగడుగుల మెరక తోలించాం" అంటాడు ఏజెంటు. మీ ప్లాటు మెరకైతే నీళ్లు పక్కవాడింట్లోకి. పక్కవాడు ఐదడుగులు తోలిస్తే మీ ఇంట్లోకి. మొలగొలుకులు పండిన మాగాణి అది. నీళ్లు నిలిచే నేల కాబట్టే తరతరాలు వరి పండించారు.

పోయి చూసేవాళ్లు ఎండాకాలంలో చూడకండి, కార్తీకమాసంలో, నాలుగురోజుల ముసురు పట్టిన మర్నాడు చూడండి. ప్లాటులో తుంగ మొలిచి ఉంటే ఆ నేల తడి ఆరదని అర్థం. రోడ్డు కింద కల్వర్టు కనబడితే అది ఎటు తెరుచుకుందో చూడండి. దాని నోరు మీ ప్లాటు వైపు ఉంటే, మీ ప్లాటే కాలువ. పాత ఇళ్లు ఏమైనా ఉంటే గోడల మీద నీటిచార చూడండి. అక్కడ బర్రెలు తోలుకునే పెద్దాయన్ని అడగండి. "ఈడ మోకాటిలోతు నిలబడతాయి నాయనా, మేం పంట కూడా ఆలస్యంగా వేస్తుంటిమి" అని ఉన్నదున్నట్టు చెప్తాడు. ఆయనకు కమిషను లేదు.

టౌనులో ఉంటే నీళ్లు రావని కూడా నేననను. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ పక్కన ఉండేవాళ్లకు వాన రాత్రుళ్లు ఎలా ఉంటాయో తెలుసు. కాబట్టి ఈ పరీక్షలు కోవూరులో కొన్నా, ధనలక్ష్మీపురంలో కొన్నా, బుజబుజ నెల్లూరులో కొన్నా చేయాల్సిందే. అన్నిచోట్లా మంచి మెరకలూ ఉన్నాయి, పల్లాలూ ఉన్నాయి. ఊరిపేరు కాదు, సర్వే నంబరు చూడాలి.

"పంచాయతీ అప్రూవ్డ్, రేపు ఎల్ఆర్ఎస్ కడితే సరిపోతుంది." సరిపోదు. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుటు ప్లాను మంజూరు చేసి ఎల్పీ (లేఅవుటు ప్లాను) నంబరు ఇవ్వకుండా పంచాయతీ సంతకానికి విలువ లేదు. ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుటుని సక్రమం చేయించుకోవడానికి కట్టే జరిమానా. పార్కుకి పదిశాతం స్థలం వదలని లేఅవుటు అయితే దాని బదులు స్థలం విలువలో కొంత శాతం మీ నెత్తినే పడుతుంది. వదలాల్సింది వాడు, కట్టేది మీరు. పిల్లలకు ఆడుకునే చోటు కోసమే కదా బయటికి పోతున్నారు! ఆ చోటునే ప్లాట్లు కొట్టి అమ్మారు. ఇక చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), కాలువ పోరంబోకు అయితే ఎన్ని లక్షలు కట్టినా ఏ ఎల్ఆర్ఎసూ కాపాడదు.

"అద్దె డబ్బే ఈఎంఐ." ఇరవై ఏళ్లకి, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి లక్షకు నెలకు 868 రూపాయలు. ముప్పై లక్షలకు 26 వేలు. పది పన్నెండు వేల అద్దె ఎక్కడ, ఇదెక్కడ? దానికితోడు రోజుకి నలభై కిలోమీటర్ల పెట్రోలు, ఇద్దరివైతే రెండు బండ్లు. అప్రూవల్ లేని ప్లాటుకి బ్యాంకు గృహరుణం ఇవ్వదు, బయట వడ్డీకి తేవాలి. ఆ వాక్యం రాసినవాడు ఏ కాగితం మీదా లెక్క వేయలేదు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఒక్క మాట. రిజిస్ట్రేషను కాలేదంటే ఇంకా చేతిలోనే ఉంది. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఎల్పీ నంబరు నుడా ఆఫీసుకి తీసుకెళ్లి, ప్లానులో మీ ప్లాటు నంబరుందా, పార్కు ఎక్కడ చూపించారు అని అడగండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందంటే అది ఆ సర్వే నంబరుదేనా అని సరిచూడండి. వీటిలో ఏది తేడా వచ్చినా అడ్వాన్సు పోయినా సరే వెనక్కి రండి. ఒంటరిగా పోవడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చేయండి, నుడా ఆఫీసుకి నేనూ వస్తాను.