సవరణ: విశాఖ తీరం, 50 మీటర్ల మాట

2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీళ్లు చేరే హద్దు) నుంచి 50 మీటర్లు వదిలితే విశాఖ బీచ్‌రోడ్డులో కట్టుకోవచ్చని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. గెజిట్ ప్రతి తీసి చూస్తే, ఆ 50 మీటర్లు చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామీణ తీరానికి. మిగతా పల్లెల్లో 200.

నగరం సీఆర్‌జెడ్-2, అంటే ఇప్పటికే కట్టడాలతో నిండిన తీరం. అక్కడ మీటర్ల లెక్క కాదు, ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో ఊరివైపునే భవనాలకు వీలు. సముద్రం వైపు కొత్త రోడ్డేసి దాని వెనక కడతామన్నా కుదరదు (ఆ తెలివిని ముందే పసిగట్టారు!). బీచ్‌లో పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులకు మాత్రం పోటు రేఖకు 10 మీటర్ల అవతల అవకాశముంది. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు వేరు, అవి సీఆర్‌జెడ్-1ఏ, అంటే పర్యావరణపరంగా అతి సున్నితమైన చోట్లు.